పందిపిల్లల స్ట్రెప్టోకాకస్, దాని ఒంటిమీది ఎంజైములు: ప్రాజెక్టు డైరీ

జనవరి

ఆక్వా చెరువులు అల్లుకుపోయిన మా భీమవరం చుట్టుపక్కల పందుల పెంపకం ఎవరి లెక్కలోకీ అంతగా రాదు. మురుగు డ్రెయిన్ల వెంబడి, కాలువ గట్లకు దిగువన, ఇళ్ళకు కాస్త ఎడంగా రేకుల షెడ్లు ఉంటాయి. వాటిలో తెల్ల యార్క్‌షైర్ సంకరాలు, అక్కడక్కడ నల్లని నాటు పందులు, మేతగా తవుడు, నూక, హోటళ్ళలో మిగిలిన అన్నం. ఈ షెడ్లకు వైద్యం చేసే పశువైద్యుడు ఒకరు మా కళాశాల సూక్ష్మజీవశాస్త్ర విభాగానికి పాత పరిచయస్తులు. పాలు మాన్పించిన కొద్ది వారాలకే పిల్లలు కీళ్ళు వాచి కుంటడం, మెడ వెనక్కి విరుచుకుని కాళ్ళు కొట్టుకోవడం, కొన్ని ఏ లక్షణమూ చూపకుండా రాత్రికి రాత్రే చనిపోవడం ఆయన ఏటా చూస్తున్నారు. స్వైన్ ఫీవర్ టీకా వేసిన మందల్లోనూ ఇదే జరుగుతుండటంతో ఆయన అనుమానం స్ట్రెప్టోకాకస్ సూయిస్ మీదికి మళ్ళింది.

ఈ బాక్టీరియా కొత్తది కాదు. 1950ల మొదట్లోనే నెదర్లాండ్స్‌లోనూ ఇంగ్లండ్‌లోనూ పందిపిల్లల మరణాలతో దీనికి సంబంధం కనిపించింది. 1968లో డెన్మార్క్‌లో మనుషులకూ సోకినట్లు తేలింది. 2005లో చైనాలోని సిచువాన్ రాష్ట్రంలో 215 మందికి సోకి 38 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది జబ్బుపడిన పందులను కోసినవారు, వాటి మాంసాన్ని శుభ్రం చేసినవారు. అయినా ఇది ఆరోగ్యంగా ఉన్న పందుల గొంతు టాన్సిళ్ళలో ఏ హానీ చేయకుండా ఏళ్ళ తరబడి ఉండగలిగిన జీవి. తల్లి టాన్సిల్‌లో ఊరకే ఉన్నది పిల్ల మెదడు పొరల్లోకి ఎలా చేరుతుంది, చేరాక రక్తంలోని తెల్లకణాలు దాన్ని ఎందుకు మింగలేకపోతున్నాయి అన్నది పెద్ద ప్రశ్న. మా చిన్న ప్రయోగశాల దానికి సమాధానం చెప్పలేదు. అందులో ఒక ముక్కనే తీసుకున్నాం: ఈ బాక్టీరియా తయారుచేసే ఎంజైముల్లో కొన్ని ద్రవంలోకి వదిలిపోకుండా దాని ఒంటిమీదే అంటిపెట్టుకుని ఉంటాయంటారు, అది మన ప్రాంతపు నమూనాల్లో నిజంగా కొలవగలమా, ఆ స్థానానికి జబ్బులో ఏమైనా అర్థం ఉందా?

కళాశాల జంతు నైతికత కమిటీ అనుమతి వచ్చింది. నమూనాలు తీసే పని పూర్తిగా డాక్టరు గారిదే. మా వైపు నుంచి రెండో తరగతి భద్రతా క్యాబినెట్, చేతులకు రెండు జతల గ్లవ్స్, చేతిమీద గాయం ఉన్నవారు ఆ రోజు ఈ బాక్టీరియా జోలికి రాకూడదన్న నియమం సిద్ధం చేశాం. ప్లీహం తీసేసినవారికి ఈ జబ్బు తీవ్రంగా వస్తుందన్నది వైద్యానికి తెలిసిన విషయమే కనుక విద్యార్థులను చేర్చుకునే ముందు ఆ ప్రశ్న కూడా అడిగాం.

ఫిబ్రవరి

ఉండి వైపు ఒక షెడ్డుకు వెళ్ళాం. యజమాని పందిపిల్లను ఒడిసిపట్టి, నోరు తెరిచి ఉంచేందుకు గుండ్రటి కర్రముక్క అడ్డంపెట్టగా, డాక్టరు గారు టార్చి వెలుగులో మెత్తటి అంగిలి వెనక టాన్సిల్ మీద దూదిపుల్లను గట్టిగా రుద్ది తీశారు. పిల్ల చేసే గోలకు షెడ్డంతా ఒక్కసారిగా లేచింది. టాన్సిల్ పైన చిన్న చిన్న గుంటలుంటాయి; పైపైన తుడిస్తే లాలాజలంలోని ఇతర స్ట్రెప్టోకాకస్‌లే వస్తాయని, ఆ గుంటల్లోంచి తీయాలని ఆయన పదే పదే చెప్పారు.

నేల గరుకు సిమెంటు. ముందుకాళ్ళ మోకాళ్ళు ఒరుసుకుపోయి చిన్న పుండ్లున్న పిల్లలు కొన్ని కనిపించాయి. బాక్టీరియా ఒంట్లోకి దిగడానికి గొంతుతో పాటు ఇలాంటి గాయాలు, బొడ్డు, కోరపళ్ళు కత్తిరించినప్పుడు చిగుళ్ళకు తగిలే గీతలు కూడా దారులే. నేను అక్కడే నిలబడి రాసుకుంటూ ఉంటే యజమాని దగ్గరికొచ్చి, “నిన్న సాయంత్రం దాకా తవుడు బాగానే తిందండి మాస్టారూ, పొద్దున చూసేసరికి మెడ వెనక్కి లాగేసి కాళ్ళు కొట్టుకుంటా పడుంది. ఇంకోదానికి కీలు వాచింది, అదిగో చూడండి,” అని మూలకు చూపించారు. డాక్టరు గారు వాచిన ఆ కీలు పైచర్మాన్ని శుభ్రం చేసి, సిరంజితో ద్రవం తీసి, ఆ పిల్లకు పెన్సిలిన్ మొదలుపెట్టారు. తొందరగా మొదలుపెడితే పెన్సిలిన్‌కు ఈ బాక్టీరియా సాధారణంగా లొంగుతుంది. చనిపోయిన పిల్లకు అదే షెడ్డు వెనక శవపరీక్ష జరిపి, మెదడు పొరల మీద నుంచి ఒక నమూనా తీశారు. కోసిన చోట సున్నం చల్లించి, కళేబరాన్ని లోతుగా పూడ్పించే వరకు ఆయన కదలలేదు.

మార్చి

గొర్రె రక్తం కలిపిన అగార్ మీద చిన్న, బూడిదరంగు, మెరిసే కాలనీలు, చుట్టూ పచ్చటి ఛాయ. సూక్ష్మదర్శిని కింద జంటలుగా, పొట్టి గొలుసులుగా గ్రామ్ పాజిటివ్ కాకస్‌లు. కాటలేజ్ లేదు, 6.5 శాతం ఉప్పులో పెరగలేదు, వీపీ పరీక్ష నెగటివ్. ఇవన్నీ సూయిస్ వైపే చూపిస్తాయి గానీ దాని దగ్గరి బంధువులు కూడా కొన్ని ఇలాగే ప్రవర్తిస్తాయి కనుక నిర్ధారణ కోసం డీఎన్ఏను బయటి ప్రయోగశాలకు పంపి రెక్‌ఎన్ జన్యువు పీసీఆర్ చేయించాం. గతంలో ఎక్కువగా వాడిన జీడీహెచ్ జన్యు పరీక్ష దగ్గరి జాతులను కూడా సూయిస్‌గా చూపే అవకాశం ఉంది. మెదడు పొరల నమూనా, కీలు ద్రవం నమూనా, ఆరోగ్యంగా ఉన్న ఒక తల్లిపంది టాన్సిల్ నమూనా, కొన్ని పిల్లల టాన్సిల్ నమూనాలు నిలబడ్డాయి. మిగతావి పక్కన పెట్టాం. సీరోటైపు (పైతొడుగు తేడాలను బట్టి చేసే ఉపరకం) నిర్ణయం మా దగ్గర జరిగే పని కాదు. ప్రపంచంలో పందుల జబ్బుకూ మనుషుల జబ్బుకూ ఎక్కువగా కారణమయ్యేది రెండో సీరోటైపు అన్నది మాత్రం గుర్తుంచుకుని జాగ్రత్తలు అందుకు తగ్గట్టే పాటిస్తున్నాం.

ఏప్రిల్

ముందుగా ప్లేట్ల మీద తేలిగ్గా కనిపించే ఎంజైములు రెండు. డీఎన్ఏ కలిపిన అగార్ మీద నమూనాలను చుక్కలుగా నాటి, మరునాడు ప్లేటు మీద పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోశాం. ఆమ్లం తగలగానే చెడని డీఎన్ఏ గడ్డకట్టి అగార్ అంతా పాలలా తెల్లబడుతుంది. ఎంజైము డీఎన్ఏను ముక్కలు చేసిన చోట మాత్రం గడ్డకట్టడానికి ఏమీ ఉండదు కనుక కాలనీ చుట్టూ అద్దంలాంటి వలయం మిగులుతుంది. ఆ వలయం నిమిషాల్లోనే మసకబారుతుంది కాబట్టి ప్లేటును నల్ల కాగితం మీద పెట్టి, స్కేలు పక్కన ఉంచి, ఆలస్యం చేయకుండా ఫొటో తీయాలి. మా నమూనాలన్నీ ఎంతో కొంత వలయం చూపించాయి.

సూయిస్‌లో ఈ పనిచేసేవాటిలో ఎస్ఎస్ఎన్ఏ అనే డీఎన్‌ఏజ్ ముఖ్యమైనది, అది కణకుడ్యానికి కట్టి ఉండే రకం. న్యూట్రోఫిల్ అనే తెల్లకణం తన సొంత డీఎన్ఏను బయటికి విసిరి, దానికి అంటుకున్న సూక్ష్మజీవనాశక ప్రోటీన్లతో బాక్టీరియాను చిక్కించుకుంటుంది. ఆ ఉచ్చును ఎస్ఎస్ఎన్ఏ తెంపుతుందని 2014లో ప్రచురితమైన పరిశోధన చూపించింది. ఆ తరువాత ఎండ్‌ఏసూయిస్ అనే మరో డీఎన్‌ఏజ్ కూడా బయటపడింది. ఒకటి పోయినా మరొకటి ఉండేలా ఈ జీవి ఏర్పాటు చేసుకుంది. అందుకే ఒక్క జన్యువును తీసేసిన మాత్రాన జబ్బు కలిగించే శక్తి పోతుందని ఆశించడం తొందరపాటు.

రెండోది పిండిపదార్థపు అగార్. అయోడిన్ పోయగానే ప్లేటంతా నల్లనీలం, కాలనీల చుట్టూ తేటబడ్డ వలయం. సూయిస్ ఉపరితలం మీద ఉండే ఏపీయూఏ అనే అమైలోపుల్లులనేజ్ పిండిపదార్థపు గొలుసుల్లోని రెండు రకాల బంధాలనూ, అంటే నిలువుగా సాగేవాటినీ కొమ్మలు చీలే చోట ఉండేవాటినీ తెంచగలదు. చక్కెర సంపాదనే దాని అసలు పని. కానీ అదే ప్రోటీను పంది గొంతులోని కణాలకూ జిగురుకూ బాక్టీరియా అంటుకోవడానికి సాయపడుతుందని 2010లో తేలింది. తవుడు, నూక తినే పందుల లాలాజలంలో ఈ ఎంజైముకు ఆహారానికి కొదవ ఉండదు. ఈ మాట విని మా విద్యార్థిని ఒకరు, అయితే తవుడే జబ్బు తెస్తోందని రాయవచ్చా అని అడిగింది. రాయకూడదు. గొంతులో ఉండగలగడం ఒకటి, రక్తంలోకి దిగి జబ్బు చేయడం మరొకటి. తవుడు లేని దేశాల్లోనూ ఈ జబ్బు ఉంది.

ఏప్రిల్ చివర, మే

ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం ఇక్కడే మొదలవుతుంది.

దెబ్బతిన్న కణాల నుంచి ఏటీపీ అనే శక్తినిచ్చే అణువు బయటికి కారితే అది శరీరానికి ప్రమాద సంకేతం. ఆ సంకేతం అదుపు తప్పకుండా మన కణాలు, పంది కణాలు కూడా, తమ ఉపరితలం మీది ఎంజైములతో ఏటీపీని ఒక్క ఫాస్ఫేటు మాత్రమే మిగిలే ఏఎంపీగా, ఏఎంపీని అడెనోసిన్‌గా మార్చుకుంటాయి; అడెనోసిన్ తెల్లకణాలకు “ఇక చాలు” అని చెప్పే పదార్థం. అది తగిలిన న్యూట్రోఫిల్ విషపు ఆక్సిజన్ అణువులను కక్కడం తగ్గిస్తుంది. స్టెఫైలోకాకస్ ఆరియస్ తన గోడ మీది ఏడీఎస్ఏ అనే ఎంజైముతో ఇదే అడెనోసిన్‌ను తయారుచేసుకుని తెల్లకణాల చేతికి చిక్కకుండా తప్పించుకుంటోందని 2009లో తేలింది. తరువాతి సంవత్సరాల్లో సూయిస్‌లోనూ అలాంటి 5'-న్యూక్లియోటైడేజ్ దొరికింది. ఏఎంపీ నుంచి ఫాస్ఫేటును విడగొట్టి అడెనోసిన్‌ను మిగల్చడమే దాని పని. అడెనోసిన్‌ను నేరుగా కొలిచే యంత్రం మా దగ్గర లేదు. కానీ ప్రతి అడెనోసిన్‌కూ ఒక ఫాస్ఫేటు విడుదలవుతుంది, ఫాస్ఫేటును కొలవడానికి కలరీమీటరు చాలు.

ఆ పద్ధతి ఫిస్కే–సుబ్బారావు పద్ధతి. 1895లో ఇదే భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ప్రచురించిన విధానం ఇది. వందేళ్ళ తరువాత కూడా ఆ రసాయనం అలాగే పనిచేస్తోంది: ఆమ్లంలో ఫాస్ఫేటు మాలిబ్డేటుతో కలుస్తుంది, అమినోనాఫ్థాల్‌సల్ఫోనిక్ ఆమ్లం దాన్ని క్షయకరణం చేసి నీలిరంగు తెస్తుంది. ఊరి పేరు చెప్పుకుని గర్వపడటం వేరు, ఆయన పద్ధతి ఎక్కడెక్కడ మొరాయిస్తుందో తెలుసుకోవడం వేరు. మాకు రెండోదే ఎక్కువ అవసరమైంది.

మొదటిది, ఫాస్ఫేటు లేని చోటు దొరకడం కష్టం. బాక్టీరియాను పెంచే టాడ్–హెవిట్ ద్రావణంలోనే డైసోడియం ఫాస్ఫేటు ఉంటుంది. కణాలను కడగడానికి ప్రయోగశాలలో అలవాటుగా వాడే ఫాస్ఫేట్ బఫర్‌ను ఈ పని పొడవునా పక్కన పెట్టి, మెగ్నీషియం కలిపిన ట్రిస్ బఫర్‌తోనే కడిగాం. గాజుసామాను డిటర్జెంటుతో కాకుండా పలచని ఆమ్లంతో, తరువాత డిస్టిల్డ్ వాటర్‌తో కడిగించాం, ఎందుకంటే కొన్ని డిటర్జెంట్లలో ఫాస్ఫేటు ఉంటుంది. డెల్టా గాలిలోని తేమకు ప్రామాణిక లవణం సీసాలోనే చెమ్మగిల్లుతుంది కాబట్టి పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేటును ఓవెన్‌లో ఆరబెట్టి, డెసికేటర్‌లో చల్లార్చి తూకం వేశాం.

రెండోది, సమయం. నీలిరంగు ఒకచోట ఆగదు, పోనుపోను ముదురుతుంది. ఒక్కో గొట్టానికి రసాయనం కలిపిన క్షణం నుంచి చదివే క్షణం వరకు వ్యవధి సమానంగా ఉండాలి. మే నెల మధ్యాహ్నపు కరెంటు కోతల్లో ఇది కుదరదని తేలాక పని మొత్తాన్ని ఉదయానికి మార్చాం. చర్యను ఆపడానికి ట్రైక్లోరోఅసిటిక్ ఆమ్లం వేసి, అవక్షేపాన్ని తీసేసి, పైద్రవాన్నే రంగుకు వాడుతున్నాం.

మూడోది, ఉపాధారం (ఎంజైము విడగొట్టే పదార్థం) ఎంపిక. ఆమ్లంలో తేలిగ్గా విరిగే ఫాస్ఫేటు సమ్మేళనమైతే ఎంజైము లేకపోయినా తనంత తానే ఫాస్ఫేటును వదిలి రంగును ముదురుస్తూ పోతుంది. కండర రసాల్లో ఇలా ఆలస్యంగా పెరిగే రంగును వెంబడించే ఫిస్కే, సుబ్బారావు గార్లు ఫాస్ఫోక్రియేటిన్‌ను పట్టుకున్నారు. మాకు మాత్రం ఆ అదృష్టం వద్దు, స్థిరంగా ఉండే ఏఎంపీయే కావాలి. ఏటీపీతో మొదలుపెట్టి చివరిదాకా కొలవాలన్న ఆలోచనను అందుకే వదిలేశాం.

తొలిసారి చక్కగా వచ్చిన వరుస ఇలా ఉంది: ఏఎంపీ మాత్రమే ఉన్న గొట్టం దాదాపు రంగులేనిది, కణాలు మాత్రమే ఉన్నది లేత నీలం, రెండూ కలిసినది సిరాలాంటి నీలం. ఏఎంపీకి బదులు బీటా–గ్లిసరోఫాస్ఫేటు ఇచ్చినప్పుడు రంగు కణాల గొట్టాన్ని మించలేదు. అంటే ఇది కనిపించిన ఫాస్ఫేటునల్లా ఊడబెరికే మామూలు ఫాస్ఫటేజ్ కాదు, న్యూక్లియోటైడును గుర్తుపట్టే ఎంజైము. లోహ అయాన్లను పట్టేసుకునే ఈడీటీఏ కలిపితే చర్య పడిపోయింది.

జూన్

ఎంజైము ఉందని తేలింది. అది ఎక్కడ ఉందన్నదే మా ప్రశ్న.

సూయిస్‌లోని ఇలాంటి ప్రోటీన్లలో చాలావాటి తోకభాగంలో ఒక వరుస ఉంటుంది: ల్యూసిన్, ప్రోలిన్, ఏదో ఒక అమైనో ఆమ్లం, థ్రియోనిన్, గ్లైసిన్. సార్టేజ్ అనే మరో ఎంజైము ఆ థ్రియోనిన్‌కూ గ్లైసిన్‌కూ మధ్య తెంపి, తెగిన కొసను కణకుడ్యపు పెప్టిడోగ్లైకాన్‌కు అతికిస్తుంది. కాలువ గట్టు కొయ్యకు పడవను కట్టినట్టు ఆ ప్రోటీను బయటికి తేలుతూనే కుడ్యాన్ని విడిచిపోదు. ఈ ఏర్పాటును మొదట 1999లో స్టెఫైలోకాకస్‌లో గుర్తించారు. అయితే ఉపరితలం మీద కనిపించే ఎంజైములన్నీ ఇలా కట్టినవే కావు. చక్కెరను విరిచే దారిలో పనిచేసే ఎనొలేజ్, గ్లిజరాల్డిహైడ్ ఫాస్ఫేట్ డీహైడ్రోజినేజ్ లాంటివి కణం లోపల ఉండాల్సినవి. వాటికి ఆ తోక వరుస లేదు, అయినా సూయిస్ ఒంటిమీద దొరుకుతాయి, పైగా ఎనొలేజ్ అక్కడ పంది ప్లాస్మినోజెన్‌ను, ఫైబ్రోనెక్టిన్‌ను పట్టుకుంటుంది. కాబట్టి “బయట దొరికింది కనుక కట్టి ఉంది” అని తేల్చేయడానికి లేదు.

మా తర్కం నాలుగు దశల్లో సాగింది. బతికి ఉన్న, చెక్కుచెదరని కణాలు ఏఎంపీని విడగొడుతున్నాయి. ఫాస్ఫేటు తోక మీది విద్యుదావేశం వల్ల ఏఎంపీ పొరను దాటి లోపలికి సులువుగా పోలేదు కనుక ఎంజైము బయటివైపే ఉండాలి. రెండోది, కణాలకు కొద్దిసేపు ప్రోటీన్లను కోసే ట్రిప్సిన్ పట్టించి, దాన్ని నిరోధకంతో ఆపి, మళ్ళీ కడిగి చూస్తే చర్య చాలావరకు పోయింది, అదే సమయంలో ప్లేటు మీద మొలిచే కాలనీల సంఖ్య పెద్దగా తగ్గలేదు. అంటే కణాలు చావలేదు, పైనున్న ప్రోటీన్లే తెగిపోయాయి. మూడోది, పెరుగుతున్న దశలో ఉన్న కల్చరు నుంచి కణాలను తీసేసి, వడపోసిన ద్రవాన్ని ఫ్రిజ్‌లో ట్రిస్ బఫర్‌కు ఎదురుగా డయాలిసిస్ గొట్టంలో ఉంచి, అందులోని ఫాస్ఫేటును పోగొట్టి కొలిస్తే చర్య నామమాత్రంగానే ఉంది.

నాలుగోది కణాలు చిట్లి లోపలివి కారుతున్నాయేమో చూడటం. దీనికి కణం లోపల ఉండే లాక్టేట్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైమును ఎంచుకున్నాం. ఎనొలేజ్‌ను కారుడు గుర్తుగా వాడాలని ఒక సూచన వచ్చింది గానీ, తానే బయట తిరిగే దాన్ని కాపలా పెట్టడం కుదరదు. స్ట్రెప్టోకాకస్‌లలో చాలావాటి లాక్టేట్ డీహైడ్రోజినేజ్ ఫ్రక్టోజ్ బిస్‌ఫాస్ఫేటు ఇస్తేనే చురుగ్గా పనిచేస్తుంది. అది కలపకుండా చూసి “కారడం లేదు” అని తీర్మానిస్తే ఆ తీర్మానానికి విలువ లేదు. మూత బిగించిన గొట్టాల్లో, క్యాబినెట్ లోపల, గాజుపూసలతో కణాలను చిదిమి తీసిన రసంలో 340 నానోమీటర్ల దగ్గర, ఆ ఎంజైము ఖర్చుచేసే ఎన్ఏడీహెచ్ తగ్గుదల స్పష్టంగా కనిపించింది. కడిగిన కణాల పైద్రవంలో కనిపించలేదు. రాత్రంతా పెరిగి ముదిరిన కల్చరులో మాత్రం రెండూ కనిపించాయి, ద్రవంలో లాక్టేట్ డీహైడ్రోజినేజ్, దానితోపాటే న్యూక్లియోటైడేజ్. ముసలి కల్చరుతో పనిచేసి ఎంజైము ఎక్కడుందో చెప్పేవారి లెక్క ఎందుకు తేడా వస్తుందో దీనితో అర్థమైంది. ఇకపై పెరుగుదల మధ్య దశలోని కణాలనే తీసుకోవాలని నిర్ణయించాం.

స్థానం ఎందుకంత ముఖ్యమన్నది ఇప్పుడు రాస్తాను. ఈ ప్రాజెక్టులో నేను నమ్మకంగా చెప్పదలచుకున్న మాట ఇదొక్కటే. రక్తంలో అడెనోసిన్ ఆయుష్షు కొన్ని సెకన్లు. ఎర్ర రక్తకణాలూ, రక్తనాళాల లోపలి పొరా దాన్ని వెంటనే మింగేస్తాయి. ఎంజైము రక్తంలో కొట్టుకుపోతూ ఎక్కడో అడెనోసిన్ తయారుచేస్తే బాక్టీరియాకు ఒరిగేది చాలా తక్కువ. అదే తన ఒంటిమీద ఉంటే, న్యూట్రోఫిల్ వచ్చి తాకే సన్నని సందులోనే, తాకే సమయానికే అడెనోసిన్ పుడుతుంది. పంది ఐజీఎం అనే ప్రతిరక్షకాన్ని మాత్రమే తెంపే ఐడీఈసూయిస్ అనే ప్రోటియేజ్ విషయంలోనూ ఇదే తర్కం పనిచేస్తుందని నా అభిప్రాయం. 2013లో బయటపడిన ఆ ఎంజైము పంది ఐజీజీని గానీ ఐజీఏను గానీ ముట్టదు, ఇతర జంతువుల ఐజీఎంనూ ముట్టదు. పాలు మానేసిన పిల్లలో తల్లి నుంచి వచ్చిన ప్రతిరక్షకాలు తగ్గిపోతూ, దాని సొంత తొలి రక్షణగా ఐజీఎం తయారవుతూ ఉండే వయసు అది. బాక్టీరియా మీద వచ్చి వాలిన ఐజీఎంను అక్కడికక్కడే తెంపితే బాక్టీరియాను చంపడానికి తోడ్పడే కాంప్లిమెంటు ప్రోటీన్ల వరుస మొదలయ్యే దారే మూసుకుపోతుంది.

జూలై

వానలు మొదలయ్యాయి. అత్తిలి వైపు ఒక షెడ్డులో పెద్దపందుల చర్మం మీద వజ్రాకారపు ఎర్రమచ్చలు కనిపించాయని డాక్టరు గారు ఫోను చేశారు. అది ఎరిసిపెలోత్రిక్స్, మా పనిలోకి రాదు. దాని న్యూరమినిడేజ్ కూడా పంది కణాల మీది సయాలిక్ ఆమ్లాన్ని కోసే ఎంజైమే అయినా, రెండు బాక్టీరియాలను ఒకే బల్లమీద పెట్టుకునే ఓపిక మాకు లేదని చెప్పి నమూనాను పరీక్షల ప్రయోగశాలకే పంపమన్నాం.

ఆగస్టు

అన్ని నమూనాలనూ ఒకే దశలో పెంచి, ఎండబెట్టిన కణాల బరువుకు లెక్కగట్టి న్యూక్లియోటైడేజ్ చర్యను పోల్చాం. గొలుసులు కట్టే జీవి కాబట్టి ద్రవపు మసకను బట్టి మాత్రమే కణాలను లెక్కిస్తే పొడవాటి గొలుసుల నమూనాకు అన్యాయం జరుగుతుంది, అందుకే బరువు.

మెదడు పొరల నమూనాలో చర్య బలంగా ఉంది. కీలు నమూనాలో మధ్యస్థం. ఆరోగ్యంగా తిరుగుతున్న తల్లిపంది టాన్సిల్ నమూనాలో మెదడు నమూనాతో సమానంగా, ఒక్కోసారి దాన్ని మించి ఉంది. విద్యార్థులు కొంచెం నిరుత్సాహపడ్డారు. నాకైతే ఇది ఊహించినదే. ఈ ఎంజైము ఉన్నది మొదట తిండికోసం. ఏఎంపీ నేరుగా లోపలికి పోదు, ఫాస్ఫేటు తీసేస్తే మిగిలే అడెనోసిన్ పోగలదు. దాన్ని తీసుకుంటే కణానికి ప్యూరిన్ దొరుకుతుంది. పిండిపదార్థాన్ని విరిచే ఏపీయూఏ చక్కెర కోసం, డీఎన్ఏను విరిచేవి న్యూక్లియోటైడుల కోసం, ఇవన్నీ గొంతులో బతకడానికి పనికొచ్చేవే. రక్తంలోకి దిగాక అదే ఎంజైము తెల్లకణం ముందు మరో పని చేస్తుంది. కాబట్టి టాన్సిల్ నమూనాలో ఇది ఎక్కువగా ఉన్నంత మాత్రాన ఆ తల్లిపందిని ప్రమాదకరమైనదిగా ముద్రవేసి మందలోంచి తీసేయమని చెప్పే ఆధారం మా దగ్గర లేదు. క్యాప్స్యూల్ అనే పైతొడుగు లేకుండా, సుయిలైసిన్ లాంటి విషం లేకుండా, గాయం దారి లేకుండా ఈ ఒక్క ఎంజైముతో జబ్బు రాదు.

ఈ మాటను షెడ్డు యజమానికి కూడా చెప్పాల్సి వచ్చింది. పరీక్షలో బలంగా వచ్చిన ఆడపందిని అమ్మేయాలా అని ఆయన డాక్టరు గారిని అడిగారట. అమ్మవద్దని, దానికి బదులు పాలు మాన్పించే షెడ్డులో పిల్లల రద్దీ తగ్గించి, గరుకు నేలను నునుపు చేయించి, కోరపళ్ళు కత్తిరించే కటింగ్ ప్లేయరును ఈతకు ఈతకు మధ్య శుభ్రం చేయమని ఆయన చెప్పారు. చచ్చిన పిల్లను వట్టి చేతులతో కోయవద్దన్న మాట ఈసారి నేనే చెప్పాను. మనుషుల్లో ఈ జబ్బు వచ్చి తగ్గినవారిలో చాలామందికి చెవుడు మిగిలిపోతుందని చెప్పేసరికి ఆయన శ్రద్ధగా విన్నారు. “ఆయ్, మా బావమరిదే కోస్తాడండి, చెప్తాను,” అన్నారు. మరుసటి వారం ఆ బావమరిది డాక్టరు గారి దగ్గర రబ్బరు గ్లవ్స్ పట్టుకెళ్ళారట.

సెప్టెంబరు

డీఎన్‌ఏజ్‌నూ న్యూక్లియోటైడేజ్‌నూ విడివిడిగా చూడటం సరికాదేమో అన్న ఆలోచన ఏప్రిల్ నుంచే ఉంది. న్యూట్రోఫిల్ విసిరిన డీఎన్ఏ ఉచ్చును స్టెఫైలోకాకస్ ఆరియస్ మొదట న్యూక్లియేజ్‌తో ముక్కలు చేసి, ఆ ముక్కల నుంచి ఏడీఎస్ఏతో డీఆక్సీఅడెనోసిన్ తయారుచేస్తుందని, అది దగ్గరికి వచ్చే మాక్రోఫేజ్‌లను (సూక్ష్మజీవులను మింగే కణాలను) చంపుతుందని 2013లో తేలింది. ఒక ఎంజైము వదిలిన ముక్కను మరొకటి అందుకుంటుందన్నమాట. మా నమూనాలు డీఆక్సీఏఎంపీని, అంటే ఏఎంపీకి డీఎన్ఏలో ఉండే రూపాన్ని, కూడా విడగొడతాయా?

కడిగిన కణాలకు ఏఎంపీకి బదులు అంతే గాఢతలో డీఆక్సీఏఎంపీ ఇచ్చాం. నీలం వచ్చింది, ఏఎంపీ అంత ముదురుగా కాదు కానీ నియంత్రణ గొట్టాలను స్పష్టంగా దాటింది. ట్రిప్సిన్ పట్టించిన కణాల్లో ఇదీ పడిపోయింది. అందువల్ల రెండు ఉపాధారాలనూ ఒకే ఉపరితల ఎంజైము పట్టుకుంటోందని అనుకోవడానికి వీలుంది, కానీ అది ఒకటే ఎంజైమని దీనితో రుజువు కాలేదు. ఏఎంపీ, డీఆక్సీఏఎంపీలను కలిపి ఇచ్చి, రెండూ ఒకదానికొకటి పోటీపడుతున్నాయా, లేక రెండు చర్యలూ కూడుకుంటున్నాయా అని చూడాలి. కూడుకుంటే రెండు ఎంజైములున్నట్టు, పోటీపడితే ఒకటే ఉన్నట్టు.

కుడ్యాన్నే కరిగించి, దానికి కట్టిన ప్రోటీన్లను విడిగా తీసే పనికి మ్యూటనోలైసిన్ కావాలి. స్ట్రెప్టోకాకస్‌ల గోడకు లైసోజైమ్ ఒక్కటే సాధారణంగా చాలదు. ఆర్డరు పెట్టాం, ఐస్ పెట్టెలో రావాలి. అది వచ్చాక పని వరుస ఇలా అనుకున్నాం: మెదడు నమూనా, తల్లిపంది టాన్సిల్ నమూనా రెంటినీ చక్కెర ఎక్కువగా ఉన్న బఫర్‌లో మ్యూటనోలైసిన్‌కు పెట్టి, గోడ మాత్రమే కరిగి లోపలి పొర చిట్లకుండా చూసి, ఆ గోడ ద్రవంలో న్యూక్లియోటైడేజ్‌నూ లాక్టేట్ డీహైడ్రోజినేజ్‌నూ పక్కపక్కన కొలవడం. మొదటిది ఉండి రెండోది లేకపోతే, సార్టేజ్ కట్టిన కుడ్య ప్రోటీనే అన్న మా అంచనాకు ఇంకొంత బలం వస్తుంది. పంది రక్తంలోని న్యూట్రోఫిల్స్‌తో చేయాల్సిన ప్రయోగం మా బల్ల మీద జరిగేది కాదు. రక్తం తీసిన గంటల్లోనే తెల్లకణాలను వేరుచేసే వసతి ఉన్న పశువైద్య ప్రయోగశాల ఒప్పుకుంటే నమూనాలను చల్లపెట్టెలో పంపాలి. ఆ ఉత్తరం రాయడం ఈ వారం పని.